సంఘం వెబ్‌సైట్‌కి ప్లగిన్లు: రాసేదెవరు, పాస్ చేసేదెవరు, చూసేదెవరు

మా ఊరి పెన్షనర్ల సంఘం వెబ్‌సైట్ బాధ్యత నాది. సబ్‌ట్రెజరీలో సీనియర్ అకౌంటెంట్‌గా రిటైరైన దాన్ని. కోడింగ్ రాదు. కార్యవర్గంలో కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చోగలిగిన మనిషిని నేనే కాబట్టి పని నా నెత్తినే పడింది. సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసి నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద, సొంతంగా కొనుక్కున్న హోస్టింగ్‌లో (సైటు ఉండే సర్వర్ చోటు) నడుస్తోంది. దానికి అదనపు పనులు నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్లే ప్లగిన్లు. సభ్యులు రమారమి నాలుగు వందల మంది. జీవోలు, డీఆర్ (పెన్షనర్ల కరువు భృతి) పట్టికలు, లైఫ్ సర్టిఫికెట్ నోటీసులు అందరికీ కనపడాలి. మినిట్స్ (సమావేశాల రికార్డు), జమాఖర్చులు, సభ్యుల డైరెక్టరీ మాత్రం సభ్యులకే కనపడాలి. అపార్ట్‌మెంట్ సంఘం, పూర్వ విద్యార్థుల సంఘం, సంగీత సభ, ఏదైనా సరే, ఈ రెండు అవసరాలే ఉంటాయి. అందుకని నేను ఏ ప్లగిన్ ఎందుకు వాడుతున్నానో, ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో వరసగా చెబుతాను.

ముందు కాగితం, తర్వాత ప్లగిన్

చాలామంది ముందు ప్లగిన్ వెతుకుతారు. నేనైతే తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయమంటాను: ఏ సమాచారం, ఎవరు రాస్తారు, ఎవరు పాస్ చేస్తారు, ఎవరు చూస్తారు. ట్రెజరీలో బిల్లు పెట్టినవాళ్లే బిల్లు పాస్ చేస్తే ఆడిట్‌వాళ్లు వదిలిపెట్టరు. సైటులోనూ అదే సూత్రం పెట్టుకుంటే సగం తలనొప్పులు రావు. ఎవరో వాట్సాప్‌లో వచ్చిన దొంగ జీవోని ఉత్సాహంగా సైటులో పెట్టేస్తే, మర్నాడు ఫోన్లు వచ్చేది నాకే మరి.

ఈ విభజన వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. దానికి ప్లగిన్ అక్కర్లేదు. అయిదు రోల్స్, అంటే అధికారాల స్థాయిలు, ఇస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అన్నీ చేయగలరు. ఎడిటర్ ఎవరు రాసిందైనా దిద్ది ప్రచురించగలరు. ఆథర్ తను రాసింది తనే ప్రచురించుకోగలరు. కంట్రిబ్యూటర్ రాయగలరు గాని ప్రచురించలేరు, రాసింది 'పరిశీలనకి' వెళ్తుంది. సబ్‌స్క్రైబర్ లాగిన్ అయి చదువుకుంటారు, అంతే. మా దగ్గర సమాచారం రాసే ఇద్దరూ కంట్రిబ్యూటర్లు, పాస్ చేసే కార్యదర్శి గారు ఎడిటర్. అడ్మిన్ తాళాలు నా దగ్గరొకటి, కోశాధికారి గారి దగ్గరొకటి ఉన్నాయి. ఒక్కరి దగ్గరే ఉంచకండి. మా వయసు సంఘాల్లో ఆ ఒక్కరూ ఆస్పత్రిలో చేరితే సైటు ఆగిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కంట్రిబ్యూటర్ ఫొటో గాని పీడీఎఫ్ గాని ఎక్కించలేరు. రాసిన వాళ్లు జీవో కాగితం జతచేయలేక మళ్లీ నాకే వాట్సాప్ చేస్తారు. దీనికి 'మెంబర్స్' అనే ఉచిత ప్లగిన్ వేసుకోండి. అందులో రోల్స్‌లోకి వెళ్లి, కంట్రిబ్యూటర్ తెరిచి, 'అప్‌లోడ్ ఫైల్స్' అన్న అధికారం ఎదురుగా 'గ్రాంట్' టిక్ పెడితే ఫైళ్లు ఎక్కించే హక్కు వస్తుంది, ప్రచురించే హక్కు మాత్రం రాదు. ఈ ప్లగిన్‌తో ఇంకో పెద్ద పని ఉంది, కిందకి వచ్చాక చెబుతాను.

ఏ ప్లగిన్ వేసేముందైనా దాని పేజీలో మూడు చూడండి. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు, ఏ వర్డ్‌ప్రెస్ వెర్షన్ దాకా పరీక్షించారు, ఎన్ని సైట్లలో వాడుతున్నారు. ఏడాదికి పైగా ఎవరూ ముట్టుకోని ప్లగిన్ ఎంత బాగున్నా నేను వేయను. డబ్బులు పెట్టి కొనాల్సిన ప్లగిన్ ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికి అసలే పోవద్దు. అన్నిటికన్నా ముందు 'అప్‌డ్రాఫ్ట్‌ప్లస్' వేసి బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టండి, ఉచిత రకంలోనే ఆ వీలుంది. బ్యాకప్ కూడా అదే హోస్టింగ్‌లో ఉంటే అది బ్యాకప్ కింద లెక్క కాదు.

సమాచారం తీరుగా ఉండాలంటే

మామూలు పోస్టుల్లో జీవోలు పెడుతూ పోతే రెండేళ్లకి అడవి అవుతుంది. ఒకరు నంబరు ముందు రాస్తారు, ఒకరు తేదీ ముందు రాస్తారు, ఇంకొకరు రెండూ మర్చిపోతారు. దీనికి నేను 'పాడ్స్' వాడుతున్నాను. సర్క్యులర్ అనే కొత్త రకాన్ని తయారుచేసి, దానికి ఫారంలాగా గళ్లు పెట్టుకోవచ్చు: జీవో నంబరు, తేదీ, శాఖ, పీడీఎఫ్ ఫైలు, రెండు వాక్యాల సారాంశం. రాసేవాళ్లకి ఖాళీ పేజీ బదులు ఫారం కనపడుతుంది. జీవితమంతా ఫారాలు నింపిన వాళ్లం, ఇది మాకు అలవాటైన పనే.

చేసే విధానం ఇది. పాడ్స్ అడ్మిన్‌లో 'కొత్తది' నొక్కి, 'కస్టమ్ పోస్ట్ టైప్' ఎంచుకోండి. కనపడే పేరు, అంటే లేబుల్, తెలుగులో ఇవ్వండి. లోపలి పేరు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఇరవై అక్షరాలు దాటకుండా ఇవ్వండి. గళ్లకీ అంతే, లేబుల్ తెలుగులో, లోపలి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో. శాఖ గడిని టైపు చేసే గడిగా పెట్టకుండా ముందే రాసిపెట్టిన జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. లేకపోతే 'ఆర్థిక శాఖ', 'ఆర్ధిక శాఖ', 'ఫైనాన్స్' అని ఒకే శాఖ మూడు అవతారాలెత్తుతుంది. తర్వాత పాడ్స్‌లోని 'టెంప్లేట్స్' కాంపొనెంట్ ఆన్ చేసి, గళ్లలో నింపినవి పేజీ మీద ఏ వరసలో కనపడాలో ఒక్కసారి చెబితే చాలు, ప్రతి సర్క్యులర్ అదే తీరులో వస్తుంది. కొత్త రకం తయారుచేశాక పేజీ తెరిస్తే 'దొరకలేదు' అని రావచ్చు. కంగారు వద్దు. సెట్టింగ్స్‌లో పెర్మాలింక్స్ తెరిచి, ఏమీ మార్చకుండా 'సేవ్' నొక్కితే కుదురుకుంటుంది.

నోటీసుల సంగతి వేరు. వాటికి ఆయుష్షు ఉంటుంది. అయిపోయిన సమావేశం నోటీసు ఇంకా మొదటి పేజీలో వేలాడుతుంటే, తేదీ చూడకుండా ఎండలో ఆటో కట్టించుకుని వచ్చేవాళ్లు మా సంఘంలో ఉన్నారు. 'పబ్లిష్‌ప్రెస్ ఫ్యూచర్' వేసుకుంటే ప్రతి పోస్టు పక్కన 'ఈ తేదీ తర్వాత ఏం చేయాలి' అన్న పెట్టె వస్తుంది. 'డ్రాఫ్ట్‌లోకి మార్చు' అని పెడితే తేదీ రాగానే నోటీసు తనంతట తనే దిగిపోతుంది. రెండు విషయాలు గుర్తుంచుకోండి. సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి టైమ్‌జోన్ 'కోల్‌కతా' అని మార్చండి. అది యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే అర్ధరాత్రికి దిగాల్సింది తెల్లవారి అయిదున్నరకి దిగుతుంది. రెండోది, వర్డ్‌ప్రెస్ లోపలి గడియారం ఎవరైనా సైటు తెరిచినప్పుడే కదులుతుంది. రాత్రంతా ఎవరూ రాని చిన్న సైటులో పొద్దున మొదటి మనిషి వచ్చాకే ఆ పని జరుగుతుంది.

ప్రతి నెలా ఒకే రకం నోటీసు పెట్టేవాళ్లకి 'యోస్ట్ డూప్లికేట్ పోస్ట్' చాలు. పాతదాన్ని క్లోన్ చేసి తేదీ, ఎజెండా మార్చుకుంటే అయిపోతుంది.

ఇప్పుడు తెలుగులో సైటు నడిపేవాళ్లందరికీ తగిలే సంగతి, కొంచెం వివరంగా చెప్పాల్సిందే. పోస్టుకి తెలుగులో శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నుంచే లింకు తయారుచేస్తుంది. లింకులో మన ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు, ఒక్కో పొల్లు, సున్నా, ప్రతిదీ తొమ్మిదేసి ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది. డేటాబేస్‌లో లింకుకి ఇచ్చిన చోటు 200 గుర్తులు. అంటే మన గుర్తులు ఇరవై రెండే పడతాయి. 'పెన్షనర్ల నెలవారీ సమావేశం' అన్న శీర్షికనే తీసుకోండి. పెన్షనర్ల అన్నమాటలో తొమ్మిది గుర్తులు (ప, ఎత్వం, న, పొల్లు, ష, న, ర, పొల్లు, ల), నెలవారీలో ఏడు, సమావేశంలో ఏడు, మొత్తం ఇరవై మూడు. ఆఖరి సున్నా దగ్గరే గొడ్డలి పడుతుంది. ఆ తర్వాత మీరు 'జూన్' అని రాసినా 'జులై' అని రాసినా లింకులోకి రాదు. అన్ని నెలలకీ ఒకటే లింకు, చివర రెండు, మూడు, నాలుగు అని అంకెలు తగిలించి ఊరుకుంటుంది. పైగా అది వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులతో మూడు వరసల చెత్తలా కనపడుతుంది, 'ఏదో వైరస్ లింకులా ఉంది' అని మావాళ్లు నొక్కరు. కాబట్టి శీర్షిక తెలుగులోనే ఉంచి, ప్రచురించే ముందు కుడిపక్క 'స్లగ్' (లింకు చివరి ముక్క) అన్నచోట ఇంగ్లీషు అక్షరాల్లో 'మీటింగ్, జూన్, సంవత్సరం' అని మధ్యలో చిన్నగీతలతో పొట్టిగా రాయండి. ప్రచురించి, నలుగురికీ పంపాక మార్చబోకండి.

పాత సర్క్యులర్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించినవైతే నేరుగా అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల్లోకి) మార్చి పెట్టాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉన్న మాటలు సైటు వెతుకులాటకి దొరకవు. అందుకే పైన చెప్పిన ఆ రెండు వాక్యాల సారాంశం గడి.

సభ్యుల్ని చేర్చుకోవడం

ముందు సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి 'ఎవరైనా నమోదు కావచ్చు' అన్న టిక్ తీసేయండి. అది ఎందుకంత ముఖ్యమో ఫైళ్ల దగ్గర తెలుస్తుంది. మన సంఘాల్లో సభ్యత్వం రసీదు పుస్తకంలోంచి వస్తుంది గాని వెబ్ ఫారం లోంచి రాదు, కాబట్టి ఆ తలుపు మూసి ఉంచితే పోయేదేం లేదు.

తర్వాత 'మెంబర్స్' ప్లగిన్‌లో 'సభ్యులు' అని కొత్త రోల్ ఒకటి తయారుచేయండి. దీనికి చదివే అధికారం తప్ప ఇంకేమీ ఇవ్వకండి. నాలుగు వందల మందిని ఒక్కొక్కరినే చేర్చే ఓపిక ఎవరికుంది? 'ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్ యూజర్స్ అండ్ కస్టమర్స్' అనే ప్లగిన్ సీఎస్‌వీ ఫైలు (గళ్లని కామాలతో విడదీసిన సాదా పట్టిక) నుంచి అందరినీ చేరుస్తుంది. జాబితాని ఎక్సెల్‌లో చేస్తే సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న రకమే ఎంచుకోవాలి, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. 91తో మొదలయ్యే పన్నెండంకెల ఫోన్ నంబరుని ఎక్సెల్ తన తెలివితో కుదించి మధ్యలో 'ఇ' పెట్టేస్తుంది, సభ్యత్వ సంఖ్య ముందున్న సున్నాలు మింగేస్తుంది. అందుకని నింపేముందే ఆ నిలువు గళ్లని 'టెక్స్ట్'గా మార్చుకోండి. గూగుల్ షీట్స్‌లో కూడా టెక్స్ట్‌గా మార్చుకోవాలి గాని, తెలుగు చెడిపోయే బాధ ఉండదు. మొదట ముగ్గురి పేర్లతో చిన్న ఫైలు ఎక్కించి చూశాకే మొత్తం ఎక్కించండి.

యూజర్ పేరుగా ఏం ఇవ్వాలి? వర్డ్‌ప్రెస్‌లో యూజర్ పేరు తెలుగులో కుదరదు, ఒకసారి పెట్టాక డ్యాష్‌బోర్డ్‌లో (సైటుని నడిపే లోపలి తెర) మార్చనివ్వదు కూడా. ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి. అందుకని సభ్యత్వ సంఖ్యే మంచిది, ముందు ఒక అక్షరం తగిలించి. అందరికీ కనపడే పేరు మాత్రం తెలుగులో నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలేస్తే ప్లగినే ఒకటి పుట్టిస్తుంది, సభ్యులు తర్వాత మార్చుకుంటారు. పుట్టినతేదీనో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరునో పాస్‌వర్డ్‌గా పెట్టే తెలివితేటలు వద్దు. ఆ రెండూ ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని కాగితాల మీద ఉన్నాయో ట్రెజరీలో పనిచేసిన నాకు తెలుసు. పని అయ్యాక ఆ సీఎస్‌వీ ఫైలుని డౌన్‌లోడ్స్‌లో వదిలేయకుండా చెరిపేయండి.

ఈమెయిల్ దగ్గర అసలు పీకులాట. వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో మనిషికి ఒక్కో ఈమెయిల్ ఉండాలి. మాలో భార్యాభర్తలిద్దరూ పెన్షనర్లే, ఇద్దరికీ కలిపి ఒకటే జీమెయిల్, అదీ కొడుకు తెరిచిపెట్టింది. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా ఉత్తరం అదే డబ్బాలోకి వస్తుంది, వర్డ్‌ప్రెస్ మాత్రం వేరే చిరునామా అనుకుంటుంది. దంపతులకి ఇది చక్కగా పనికొస్తుంది. అసలు ఈమెయిలే లేనివాళ్లకి సంఘం జీమెయిల్‌తో ఇదే ఉపాయం చేయొచ్చు గాని, వాళ్ల పాస్‌వర్డ్ మార్చే లింకులన్నీ సంఘం డబ్బాలోకే వస్తాయి. అంటే ఆ డబ్బా తాళం ఉన్నవాళ్ల చేతిలో వాళ్లందరి ఖాతాలూ ఉన్నట్టే. తప్పనిసరైతేనే చేయండి.

ఫోన్‌కి ఓటీపీ వచ్చే ప్లగిన్లు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. మన దేశంలో ఎస్ఎంఎస్ పంపాలంటే సంస్థనీ, పంపే వాక్యాన్నీ డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వేదిక) రిజిస్టర్ చేయించాలి. చిన్న సంఘానికి ఆ ఖర్చూ ఆ తిరుగుడూ దండగ.

చందా గడువు సంగతి. ఏప్రిల్‌లో చందా కట్టనివాళ్లని యూజర్స్ పేజీలో టిక్ చేసి, 'రోల్ మార్చు'లో సబ్‌స్క్రైబర్ చేస్తే సరి. కట్టగానే మళ్లీ 'సభ్యులు'. ఇదంతా తేదీ ప్రకారం దానంతట అదే జరగాలంటే 'సింపుల్ మెంబర్‌షిప్' అనే ప్లగిన్‌లో ఫలానా తేదీకి గడువు తీరిపోయేలా పెట్టుకోవచ్చు, మార్చి 31 అని. ఆన్‌లైన్ చెల్లింపులూ ఆటోమేటిక్ రెన్యువల్స్ మాత్రం మా స్థాయికి ఎక్కువ. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ప్రతి కోతకీ 24 గంటల ముందు సభ్యుడికి సమాచారం వెళ్లాలి, మధ్యలో ఫెయిలైతే ఆ లెక్క ఎవరు సరిచూస్తారు? యూపీఐ క్యూఆర్ పెట్టి, స్క్రీన్‌షాట్ వచ్చాక కోశాధికారి గారు బ్యాంకులో చూసుకుని రసీదు రాస్తున్నారు. నడిచిపోతోంది.

తాళం వేశాక బయటినుంచి లాగి చూడాలి

పేజీకి తాళం వేయడం తేలికే. 'మెంబర్స్' ప్లగిన్ వేశాక ప్రతి పేజీ కింద 'కంటెంట్ పర్మిషన్స్' పెట్టె వస్తుంది. అందులో 'సభ్యులు', ఎడిటర్ రోల్స్‌కి టిక్ పెడితే బయటివాళ్లకి పేజీలోని సరుకు కనపడదు, మీరు రాసిన సందేశం కనపడుతుంది. ఆ సందేశంలో 'అనుమతి లేదు' అని కసరకుండా, లాగిన్ ఎక్కడ అవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. శీర్షిక మాత్రం బయటికి కనపడుతుందనే లెక్కలో ఉండండి. 'ఫలానావారి మీద క్రమశిక్షణ చర్య' అని శీర్షిక పెట్టి లోపల దాస్తే దాచినట్టు కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. మా వార్షిక జమాఖర్చుల పేజీకి ఇలాగే తాళం వేశాను. పీడీఎఫ్ లింకు మీద కుడి బటన్ నొక్కి చిరునామా కాపీ చేసుకున్నాను. లాగవుట్ అయ్యాను. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ (పాత లాగిన్లు గుర్తుంచుకోని విడి కిటికీ) తెరిచి ముందు పేజీ చిరునామా కొట్టాను, 'సభ్యులకు మాత్రమే' అంది. తర్వాత పీడీఎఫ్ చిరునామా అతికించాను. జమాఖర్చులు మొత్తం, టీ బిస్కెట్ల ఖర్చుతో సహా, తెరుచుకున్నాయి.

ఇది ప్లగిన్ లోపం కాదు. పేజీని ఇచ్చేది వర్డ్‌ప్రెస్, కాబట్టి ప్లగిన్ అడ్డుపడగలదు. మీడియా లైబ్రరీలో ఎక్కించిన ఫైలుని మాత్రం సర్వరే నేరుగా ఇచ్చేస్తుంది, వర్డ్‌ప్రెస్‌ని అడగనే అడగదు. పైగా ఆ ఫైళ్లు సంవత్సరం, నెల పేర్లున్న ఫోల్డర్లలో ఉంటాయి, మనం పెట్టే పేర్లూ ఊహించదగ్గవే. పోయినేడు ఫైలు పేరు చూసినవాళ్లు ఈ ఏటిది కనిపెట్టగలరు. గూగుల్ కంటపడితే వెతుకులాటలోనూ వస్తుంది.

మందు ఏమిటంటే, సభ్యుల ఫైళ్లని మీడియా లైబ్రరీలో అసలు పెట్టకపోవడం. 'డౌన్‌లోడ్ మానిటర్' ప్లగిన్ వేసి, దానిలో కొత్త డౌన్‌లోడ్‌గా ఎక్కించి 'మెంబర్స్ ఓన్లీ' టిక్ పెట్టండి. అది ఫైళ్లని వేరే ఫోల్డర్‌లో పెట్టి, నేరుగా తెరవకుండా అడ్డుగా ఒక చిన్న నిబంధనల ఫైలు ఉంచుతుంది. అపాచీ, లైట్‌స్పీడ్ సర్వర్లలో ఆ నిబంధన పనిచేస్తుంది. ఇంజిన్‌ఎక్స్ సర్వరైతే దాన్ని పట్టించుకోదు, హోస్టింగ్ వాళ్లకి చెప్పి విడిగా పెట్టించాలి. మీది ఏ సర్వరో తెలియకపోతే మళ్లీ ఇన్‌కాగ్నిటో పరీక్షే చేయండి, ఈసారి అసలు ఫైలు చిరునామాతో.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 'మెంబర్స్ ఓన్లీ' అన్న టిక్‌కి అర్థం లాగిన్ అయిన ప్రతి ఒక్కరూ అని. చందా కట్టక సబ్‌స్క్రైబర్ అయినవాళ్లూ అందులోకే వస్తారు. మినిట్స్ రెండు నెలల చందా బాకీ ఉన్నవాళ్లు చూస్తే కొంప మునగదని మేం వదిలేశాం. కాని 'ఎవరైనా నమోదు కావచ్చు' టిక్ ఉండిపోతే, దారినపోయే దానయ్య కూడా నిమిషంలో నమోదై లాగిన్ అయి మీ ఫైళ్లు దించుకోవచ్చు. ముందు ఆ టిక్ తీయమన్నది ఇందుకే. ఇదివరకే మీడియా లైబ్రరీలో ఉన్న ఫైళ్లని అక్కడ చెరిపేసి ఇక్కడ ఎక్కించాలి. రెండుచోట్లా ఉంచితే తాళం వేసిన తలుపు పక్కనే కిటికీ తెరిచిపెట్టినట్టే.

రెండో పరీక్ష క్యాష్‌కి (డబ్బు కాదు, దాచిపెట్టిన నకలు). సైటు వేగం కోసం వేసే క్యాష్ ప్లగిన్లు పేజీ నకలు దాచుకుని ఇస్తాయి. సభ్యురాలు చూసిన పేజీ నకలు దాచి, అదే బయటివాళ్లకి ఇస్తే? 'డబ్ల్యూపీ సూపర్ క్యాష్'లో లాగిన్ అయినవాళ్లకి క్యాష్ వద్దని చెప్పే ఎంపిక ఉంది, అది ఆన్ చేయండి. మిగతా వాటిలోనూ అలాంటిదేదో చూసుకోండి. ఒక ఫోన్‌లో లాగిన్ అయి పేజీ తెరవండి, వెంటనే ఇంకో ఫోన్‌లో లాగిన్ లేకుండా అదే పేజీ తెరవండి. కొత్త ప్లగిన్ వేసినప్పుడల్లా, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఈ రెండు పరీక్షలూ చేస్తాను.

డైరెక్టరీ విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉంటాను. పేరు, ఊరు, ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబరు, అంతే. పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ తాళం వేసిన పేజీలో కూడా పెట్టనివ్వను. ఫోన్ చేసి పెన్షన్ ఆగిపోతుందని బెదిరించి డబ్బు లాగేవాళ్లకి మా వయసువాళ్లే మేత. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి ముఖ్యమనే అంటోంది. సభ్యత్వ ఫారం మీదే ఒక వరస అచ్చేయించి సంతకం తీసుకుంటున్నాం.

పెద్దవాళ్లు లాగిన్ అవ్వాలంటే

'అమ్మాయ్, నువ్వు పంపిన లింకు చెల్లదంటోందే?' అని ఎనభై దాటిన మా హెడ్మాస్టారు ఫోన్ చేస్తారు. 'మాస్టారూ, అది ఎప్పుడొచ్చిందండీ?' అంటే, 'మొన్న వచ్చింది, ఇవాళ కళ్లజోడు దొరికింది' అంటారు. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఒక్కరోజే పనిచేస్తుంది. అందుకని అందరికీ ఒకేసారి పంపకుండా, వారానికి కొందరికి, ముందురోజు ఫోన్ చేసి చెప్పి పంపడం మేలు. షేర్డ్ హోస్టింగ్‌లో గంటకి ఇన్ని మెయిళ్లే అన్న పరిమితి కూడా ఉంటుంది.

ఆ మెయిళ్లు అసలు చేరాలంటే 'ఫ్లూయెంట్ ఎస్ఎంటీపీ' లాంటిది వేసుకుని సరైన మెయిల్ సర్వీసు ద్వారా పంపాలి. వర్డ్‌ప్రెస్ నేరుగా పంపేవి ఎక్కువగా స్పామ్‌లో పడతాయి. డొమైన్‌కి (సైటు చిరునామాకి) ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు, అంటే మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని చూపే గుర్తులు, హోస్టింగ్ వాళ్లతో పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి.

సైటు భాష తెలుగు చేస్తే లాగిన్ పేజీ కూడా తెలుగులోకి వస్తుంది. డ్యాష్‌బోర్డ్ ఇంగ్లీషులో కావాలనుకునేవాళ్లు తమ ప్రొఫైల్‌లో విడిగా మార్చుకోవచ్చు, నేను అలాగే చేసుకున్నాను. 'నన్ను గుర్తుంచుకో' టిక్ పెట్టి లాగిన్ అయితే పద్నాలుగు రోజులు, పెట్టకపోతే మహా అయితే రెండు రోజులే నిలుస్తుంది. ఈ ఒక్క టిక్ గురించి సమావేశంలో చెబితే నాకొచ్చే ఫోన్లు బాగా తగ్గాయి.

లాగిన్ ప్రయత్నాలకి పరిమితి పెట్టే ప్లగిన్ అవసరమే, 'లిమిట్ లాగిన్ అటెంప్ట్స్ రీలోడెడ్' వాడుతున్నాం. కాని అది మనిషిని బట్టి కాదు, ఇంటర్నెట్ చిరునామాని బట్టి ఆపుతుంది. సంఘం ఆఫీసు వైఫైలో ఒకరు నాలుగుసార్లు తప్పు కొడితే పక్కన కూర్చున్న వాళ్లందరికీ తలుపు మూసుకుంటుంది. శిక్షణ పెట్టిన రోజున ఆఫీసు చిరునామాని దాని మినహాయింపుల జాబితాలో చేర్చుకోండి. అడ్మిన్, ఎడిటర్ ఖాతాలకి మాత్రం 'టూ ఫ్యాక్టర్' ప్లగిన్‌తో రెండో తాళం తప్పనిసరి. సభ్యులకి అది పెట్టి హింసించక్కర్లేదు.

కార్యవర్గం మారినప్పుడు

ఎన్నికలయ్యాక పాత ఎడిటర్ ఖాతాని తీసేద్దామని డిలీట్ నొక్కితే వర్డ్‌ప్రెస్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈయన రాసినవన్నీ చెరిపేయాలా, ఇంకొకరి పేరు మీదికి మార్చాలా అని. చదవకుండా మొదటిది నొక్కితే ఆయన పేరు మీద ఉన్నవన్నీ పోతాయి. డిలీట్ జోలికి పోకుండా రోల్‌ని 'సభ్యులు'కి మార్చేయండి. రాసినవి ఆయన పేరుతోనే ఉంటాయి, అధికారం పోతుంది. ఆయన ఫోన్‌లో సంఘం జీమెయిల్ తెరిచి ఉంటే దాని పాస్‌వర్డ్ కూడా ఆరోజే మార్చాలి. డొమైన్, హోస్టింగ్ రెన్యువల్ మెయిళ్లు ఎవరి వ్యక్తిగత చిరునామాకి వెళ్తున్నాయో చూసి సంఘం చిరునామాకి మార్పించండి. మొదట్లో గీసిన నాలుగు గళ్ల కాగితం కొత్త కార్యవర్గానికి ఇచ్చి, పేర్లు మార్చి సంతకాలు చేయించుకుని, మినిట్స్ పుస్తకంలో అతికించండి.